తాయెత్తు కోసి ఎక్స్‌రే తీశాను

శవపరీక్షల విభాగంలో కొత్తగా చేరబోతున్న డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. అవి అందరికీ ఇంచుమించు ఒకేలా జరుగుతాయి. తుపాకీ దెబ్బకు పోయినవాళ్ళను ఎక్స్‌రే కింద పెట్టి నేను ఏం చూశానో, ఏం చూడలేకపోయానో అదే చెబుతాను. చూడలేకపోయినదే నాకు ఎక్కువ నేర్పింది.

"మన పల్లెల్లో తుపాకులేంటి సార్?" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. మిరపచేలలోనూ పత్తిచేలలోనూ పురుగుమందు తాగి పోయినవాళ్ళే మన బల్లల మీదికి ఎక్కువగా వస్తారు, నిజమే. కానీ దర్శి దాటి లోపలికి పోయి చూడండి. మొక్కజొన్న మీద, కందిచేల మీద అడవిపందులు పడతాయి. ఒక్క పూటలో పంటంతా దున్నేసి పోతాయి. వాటి కోసం లైసెన్సు లేని నాటు తుపాకులు దాచుకుంటారు. గొట్టంలో తుపాకీమందు పోసి, కొబ్బరిపీచు కూరి, దాని మీద సీసం గుళ్ళో సైకిలు బేరింగు గుళ్ళో పోసి, మళ్ళీ పీచుతో దట్టిస్తారు. పంది కోసం దట్టించింది ఒక్కోసారి మనిషి మీద పేలుతుంది. పేల్చినవాడు చెప్పే మాట ప్రతిసారీ ఒకటే. "పందనుకున్నా సార్."

ఆ మాట నిజమో అబద్ధమో తేల్చడానికి మనకు జీతం ఇస్తున్నారు. నిజమైతే ఒక అమాయకుడు హంతకుడిగా జైలుకు పోకూడదు. అబద్ధమైతే ఒక హంతకుడు పంది చాటున దాక్కోకూడదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ప్రశ్న చాలా చిన్నది. తుపాకీ ఎంత దూరంలో పేలింది?

నరసింహంగారి రూపాయి

నాకు పని నేర్పినాయన నరసింహంగారు, మా విభాగాధిపతి. చేతిపనిలో ఆయనంతటివాణ్ణి నేను చూడలేదు. ధైర్యంలో ఆయన కంటే పిరికివాణ్ణీ చూడలేదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవని మీరు ముందే తెలుసుకుంటే మంచిది.

నేను చేరిన మొదటి ఏడాది వేటపాలెం వైపు నుంచి ఒక శవం వచ్చింది. జీడిపప్పు షెడ్డుకు కాపలా ఉండే మనిషి. తలలో గుండు దిగింది. అప్పట్లో శవానికి ఎక్స్‌రే తీయడమంటే ఎక్స్‌రే విభాగం వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. వాళ్ళు విసుక్కుంటూ పక్క వైపు నుంచి ఒక్క ఫిలిం తీసి పంపేశారు. అందులో గొంతు వెనక అగ్గిపుల్ల అంత లోహపు గీత కనిపించింది. గుండు తునక అక్కడికి జారిందనుకుని నరసింహంగారు మెడ కోశారు. గంటసేపు వెతికారు. ఏమీ లేదు.

యాభై దాటిన మార్చురీ సహాయకుడు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అన్నాడు.

"అయ్యా, మీరు కోప్పడనంటే ఒక మాటండి."

"చెప్పవయ్యా, నీ మాటొక్కటే తక్కువైంది."

"నోట్లో రూపాయి పెట్టి ఉంటారండి. చచ్చినోడికి మా వైపు పెడతాం గదా. అది జారి గొంతులో నిలబడి ఉంటది. కోసేది మెడగాదు, తెరిచేది నోరండి."

పటకారు పెట్టి లాగాడు. రూపాయి బిళ్ళ వచ్చింది. బిళ్ళను పక్క నుంచి చూస్తే గీతే కదా! నేను నవ్వాపుకోలేకపోయాను. నరసింహంగారు నవ్వలేదు. ఆ బిళ్ళను కడిగి, కవర్లో పెట్టి, సీలు వేసి, పోలీసులకు అప్పగించే వస్తువుల జాబితాలో రాయించారు. "ఒక్క వైపు నుంచి తీసిన ఫిలిం పుకారుతో సమానమయ్యా. రెండో వైపు నుంచి కూడా తీసేదాకా నమ్మకు. ఇంకొకటి, శవం మీద దొరికింది ఏదీ చెత్త కాదు" అన్నారు.

మిగతావి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బట్టలు విప్పకముందే ఒక ఫిలిం తీయించాలి. గాయం చుట్టూ జెమ్ క్లిప్పు వంచి అంటిస్తే గుండు ఎక్కడ దూరిందో ఫిలింలో గుర్తు ఉంటుంది. ఫిలింలో గుండు అసలు కంటే పెద్దదిగా పడుతుంది, కాబట్టి స్కేలు పెట్టి కొలిచి ఫలానా తుపాకీ అని రాసేవాడు మూర్ఖుడు. ఎక్స్‌రేకి లోహమే కనిపిస్తుంది, పీచూ గుడ్డా కనిపించవు. దగ్గర నుంచి కాల్చినప్పుడు గుళ్ళతోపాటు పీచుకూడా ఒంట్లోకి పోతుంది, దాన్ని చేత్తోనే వెతకాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, గుళ్ళు ఒంట్లో చెల్లాచెదురుగా పడినంత మాత్రాన దూరం నుంచి కాల్చినట్టు కాదు. ముద్దగా వచ్చిన గుళ్ళు ఏదైనా గట్టి వస్తువుకు ముందు తగిలితే అక్కడే విరజిమ్ముకుంటాయి. ఫిలిం చూసినవాడు నలభై అడుగుల దూరం అనుకుంటాడు.

ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్ళు విద్యార్థులకు చెప్పాను. చెబుతూ ఉండగానే తప్పు చేశాను.

నా కత్తెర

మా నాన్న బడిపంతులు. ఊరూరా తిరిగి బాణామతి, చేతబడి బూటకమని సభలు పెట్టినవాడు. ఇంట్లో అన్నం ముందు కూడా వాదనే. "రుజువేదీ?" అన్నది మా ఇంట్లో పలకరింపు లాంటిది. నేనూ అదే మాటతో పెరిగాను, మంగళగిరి నుంచి మార్టూరు దాకా వేదికలెక్కాను. దానికి నాకు సిగ్గులేదు. ఈ దేశంలో చదువుకున్నవాళ్ళ మూఢత్వం చూసినవాడెవడూ ఊరుకోలేడు. మేం శవాన్ని తీసుకుపోయినప్పుడల్లా ఎక్స్‌రే బల్ల మీద పసుపునీళ్ళు చల్లించిన పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవాడు. రేడియేషన్‌కు భయపడి సీసపు కోటు వేసుకునేవాడు, శవానికి భయపడి నిమ్మకాయ కోసేవాడు. అమావాస్యనాడు రిపోర్టు మీద సంతకం పెట్టని సర్జన్ని చూశాను. పల్లెటూరి మనిషి భయపడితే జాలి పడొచ్చు. జీవశాస్త్రం చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడు భయపడితే అది దొంగతనం. ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

అయితే ఆ కోపం నా చేత ఒక అలవాటు చేయించింది. మార్చురీ బల్ల మీదికి వచ్చిన ప్రతి శవానికీ ఏదో ఒకటి కట్టి ఉండేది. తాయెత్తు, నల్లతాడు, రక్షరేకు. నేను విద్యార్థి పిల్లలందరూ చూస్తుండగా కత్తెర తీసుకుని దాన్ని కోసి, పైకెత్తి చూపించి, "ఇది పనిచేసుంటే ఈయనకు నాతో పనేముండేది?" అని బకెట్లో పడేసేవాణ్ణి. పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. బ్యాచి మారినా హాస్యం మారలేదు. కొందరు ఆ హాస్యం కోసమే నా క్లాసుకు వచ్చేవాళ్ళు.

ఎవరో ఒకరు చనిపోయి బల్ల మీద ఉన్నారన్న సంగతి మాకు పట్టేది కాదు.

ఏడుకొండలు

మిరప పండే రోజుల్లో ఒక మధ్యాహ్నం దర్శి అవతలి ఊరి నుంచి ఏడుకొండలు అనే రైతు శవం వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఛాతీ మధ్యలో గాయం. పక్క పొలం రైతు కోటయ్య కాల్చాడు. కాల్చానని తనే ఒప్పుకున్నాడు. తెల్లవారుతుండగా మొక్కజొన్నలో ఏదో కదిలితే పంది అనుకుని తన గట్టు మీద నుంచి కాల్చానన్నాడు. గట్టుకూ శవం పడినచోటుకూ నలభై అడుగుల పైన ఉంది.

చనిపోయినాయన భార్య రమణమ్మ మాట వేరు. భర్తకు చద్దన్నం తీసుకుని వెనకాలే పోతోంది. మొక్కజొన్న అడ్డు, కళ్ళకు ఏమీ కనిపించలేదు. చెవులకు వినిపించింది. పొలానికి పోయే దారి గురించి ఇద్దరికీ ఏడాదిగా తగాదా ఉంది. ఆ పొద్దున కూడా ఇద్దరూ అరుచుకున్నారు, ఆ తర్వాత తుపాకీ పేలింది. పోలీసులకు ఆమె ఇచ్చిన వాఙ్మూలంలో ఒక వాక్యం ఉంది. "పందితో ఎవరన్నా మాట్లాడతారా?"

కాగితం మీద చదివి నేను కూడా నవ్వాను.

ఆమె మాటకు బలం రావాలంటే తుపాకీ దగ్గర నుంచి పేలిందని నేను చెప్పాలి. దూరం నుంచి పేలిందంటే ఆమె అబద్ధాలకోరు అవుతుంది. అంతా నా చేతిలో ఉంది.

నా దగ్గరికి వచ్చేసరికి శవం శుభ్రంగా ఉంది. పోలీసులు రాకముందే స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త పంచె కట్టారు. తొడుక్కున్న చొక్కా, కప్పుకున్న దుప్పటి మైలవని కాలవలో వదిలేశారు. తుపాకీ దగ్గరగా పేలితే మసి, కాలిన మచ్చ ఉండేవి ఆ బట్టల మీదే. అవి పోయాయి. పోలీసుల మీద, ఊరి పెద్దల మీద, ఆచారాల మీద నేను అరిచాను. అరుస్తూనే కత్తెర తీసుకున్నాను. మెడలో నల్లతాడుకు కట్టిన రాగి తాయెత్తు గాయానికి అతుక్కుని ఉంది. పసుపూ నెత్తురూ కలిసి ముద్దయి ఉంది. కోశాను. పైకెత్తాను. చెప్పాల్సింది చెప్పాను. పిల్లలు నవ్వారు. బకెట్లో పడేశాను. అది నలిగి, సగమే ఉన్నట్టు నా వేళ్ళకు తెలిసింది. మెదడు దాకా పోలేదు.

దానికి నేను చెప్పుకున్న కారణం కూడా వినండి. ఎక్స్‌రేకి పోయే ముందు ఒంటి మీద లోహం ఉండకూడదు. గొలుసులు, ఉంగరాలు తీసెయ్యమంటారు కదా! అది బతికున్నవాళ్ళకు పెట్టిన నియమం. చచ్చిపోయినవాళ్ళకు సరిగ్గా తలకిందుల నియమం ఉండాలి, ఏదీ తీయకూడదు. నేనూ రోజూ అదే పాఠం చెప్పేవాణ్ణి.

ఎక్స్‌రే తీసింది మస్తాన్‌వలి. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మాటలు తక్కువ, కళ్ళు ఎక్కువ. తడి ఫిలింను దీపానికి ఎదురుగా పెట్టి వేలితో చూపించాడు.

"సార్, గుళ్ళు గుండ్రంగా ఉన్నాయండి. ఇవి మూడు మాత్రం వంకరగా ఉన్నాయి. తెలుపు కూడా తక్కువ. సీసం కాదేమో."

"నాటు తుపాకీ వలీ. మేకులూ కూరతారు, రేకుముక్కలూ కూరతారు. మీ ఇంట్లో స్క్రూలు పోతే అందులో వెతుక్కో."

"పక్క నుంచి ఇంకోటి తీద్దామా సార్?"

"ఎందుకు? ఎంత చెదిరాయో కనపడటంలా? అది దూరం దెబ్బ."

గాయం అంచులు కూడా చిరిగి, చుట్టూ చిన్నచిన్న బొక్కలు ఉన్నాయి. దూరం దెబ్బకు అలాగే ఉంటాయి. ఫిలిం చూశాక నాకు సందేహం లేదు. చేతికి తేలిగ్గా అందిన గుండ్రటి గుళ్ళు కొన్ని తీసి సీసాలో వేశాను. వంకర ముక్కలు వెన్నుపూస పక్కన లోతుగా ఉన్నాయి, వదిలేశాను. గుండు పోయిన దారిలో వేలు పెట్టి పీచు కోసం వెతకలేదు. దూరం దెబ్బకు పీచు ఎందుకుంటుంది? ముప్పై అడుగులకు తక్కువ కాని దూరం నుంచి కాల్చినట్టుందని రాసి సంతకం పెట్టాను. శవాన్ని తీసుకుపోయి దహనం చేశారు.

రమణమ్మ వచ్చింది

నెల తిరక్కుండానే రమణమ్మ మా విభాగానికి వచ్చింది. పండుమిరప కోసి వచ్చిన చేతులు, గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉన్నాయి. తలుపు దగ్గరే నిలబడింది.

"సారూ, మా ఆయన మెళ్ళో తాయెత్తు మీరు తీశారంట. అది ఇప్పించండయ్యా."

నాకు ఇలాంటి అవకాశం వస్తే వదులుకునేవాణ్ణి కాదు. కూర్చోమన్నాను. ఉపన్యాసం మొదలుపెట్టాను. రాగిరేకుకు ప్రాణం కాపాడే శక్తి ఉండదమ్మా అన్నాను. దాన్ని కట్టినవాడు మిమ్మల్ని మోసం చేశాడు అన్నాను. పిల్లలకైనా కట్టకండి, చదివించండి అన్నాను. ఆమె మొత్తం విన్నది.

"అయిపోయిందా సారూ?"

"ఏం?"

"పూజ చేసుకోటానికి అడగటంలేదు నేను. పోలీసోళ్ళకు చూపిద్దామని అడుగుతున్నా. నీళ్ళు పోసింది నేనే గదా, చూడకుండా ఉంటానా? సగం తాయెత్తు లేదు. ఉన్న సగం లోపలికి సొట్టపడి గాయంలో కూరుకునుంది. గుండు ముందు దానికే తగిలింది. దుప్పటి నడుమ చేటంత నల్లగా కాలుండాది. వాళ్ళకు చెప్తే ఏడుస్తా ఏందో మాట్లాడుతున్నా అన్నారు."

"మరి ఎందుకు కడిగారమ్మా? బట్టలు కాలవలో ఎందుకు వేశారు?"

"నేనెక్కడ వేశా? మైల, మైల అని నీళ్ళు తెమ్మన్నది కోటయ్య బామ్మర్దే. నెత్తురుతో ఉంచగూడదు, దోషం అన్నాడు. నాకు అప్పుడు తెలివి యాడుండాది? తాయెత్తు మాత్రం ఎవురూ ముట్టుకోలా. చితి దాకా తియ్యగూడదంటారు. అందుకని అదొక్కటి మిగిలింది. యాడ పెట్టారు సారూ?"

"ఆసుపత్రి నియమాల ప్రకారం పారేస్తారు" అన్నాను. ఆసుపత్రికి అలాంటి నియమం ఏదీ లేదు.

ఆమె వెళ్ళిన తర్వాత మస్తాన్‌వలిని పిలిచి ఫిలిం తెప్పించాను. దీపం వేసి ఇద్దరం చూశాం. వంకర ముక్కలు మూడిటికీ ఒకే వంపు ఉంది. సన్న గొట్టాన్ని చీలిస్తే వచ్చే వంపు. భూతద్దం పెట్టి చూస్తే వాటిలో ఒకదాని కొనకు పెసరగింజ అంత రింగు ఉంది. తాయెత్తు రెండు కొనలకూ ఉండే, తాడు దూర్చే రింగుల్లో ఒకటి. ఒక్కటొక్కటిగా వచ్చే గుళ్ళు రాగి గొట్టాన్ని చీల్చి వెన్నుదాకా నెట్టలేవు. ముద్దగా వచ్చినవే నెట్టగలవు. తుపాకీకీ ఛాతీకీ మధ్య మహా అయితే రెండు మూడు అడుగులు. నా పాఠంలో నేనే చెప్పే 'గట్టి వస్తువు' తాయెత్తు. గుళ్ళు చెదిరింది దానివల్ల.

"వంకరగా ఉన్నాయని అప్పుడే అన్నా సార్" అని వలి అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. హంతకుడి వైపు మనిషి ఆచారాన్ని వాడుకుని బట్టలు మాయం చేశాడు. ఊరి ఆచారమే తెలియకుండా ఒక్క సాక్ష్యాన్ని కాపాడింది. ఆ ఒక్కదాన్ని ఆచారం మీద కోపంతో నేను బకెట్లో వేశాను. ఇది చదివి ఎవరైనా తాయెత్తు మహిమ అని సంబరపడితే, వాళ్ళతో ఇప్పటికీ వాదనకు సిద్ధం. ఆ తాయెత్తు ఏడుకొండల్ని కాపాడలేదు. కానీ నేను చేసింది హేతువాదం కాదు. చూడకుండానే తెలుసుననుకోవడం పూజారి పని. ఆ రోజు కత్తెర పట్టుకున్న పూజారిని నేను.

పెద్దాయన సలహా

నరసింహంగారు అప్పటికి రిటైరవడానికి కొద్ది నెలలుంది. ఫిలిం చూపించి, అదనపు అభిప్రాయం రాసి కోర్టుకు పంపుతానన్నాను. ఆయన చాలాసేపు చూశారు. వంపు చూశారు, రింగు చూశారు. ఆయన కళ్ళను ఏదీ దాటిపోదు.

"నువ్వనేది నిజమేనయ్యా."

"అయితే పంపనా?"

"నిజమంటున్నా, పంపమనటంలా. రిపోర్టిచ్చాక కలం మూసెయ్యాలి. ఒకటి మారిస్తే రేపు మనం రాసిన ప్రతిదాన్నీ లాయర్లు తిరగదోడతారు. విభాగం పరువు పోతుంది."

"ఆమె భర్త పోయాడు సార్."

"ఆయన్ని నువ్వేం చంపలేదుగా!" అన్నారు. ఓదార్పుగానే అన్నారు.

నేను పంపాను. ఆయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆయన్ని నేను క్షమించలేదు, అయినా ఈ రోజుకూ గాయం చుట్టూ క్లిప్పు అంటించమని మీకు చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. మంచి గురువు మంచి మనిషే అయి ఉండాలని ఎదురుచూడకండి. పని నేర్చుకోండి, పిరికితనం వదిలెయ్యండి.

బోనులో

డిఫెన్సు లాయరు నా సభలకు వచ్చినవాడే. ఒకసారి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టాడు. ఆ రోజు నల్లకోటు సర్దుకుని చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, మీరు హేతువాదులు కదండీ?"

"అవును."

"కళ్ళతో చూడనిది, చేత్తో పట్టనిది నమ్మరు."

"రుజువు లేనిది నమ్మను."

"చాలా సంతోషం. మృతుడి మెడలో తాయెత్తు ఉందని మీ మొదటి రిపోర్టులో రాశారా?"

"రాయలేదు."

"ఎందుకని?"

"ముఖ్యం కాదనుకున్నాను."

"ఇప్పుడు కేసు మొత్తం దాని మీదే నడుస్తోందంటున్నారు. ఏదండీ అది?"

"పారేశాను."

కోర్టు హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు తల ఎత్తారు.

"ఫిలింలో వంకర ముక్కలు తాయెత్తువే అంటున్నారు. ఆ ముక్కలు బయటికి తీశారా?"

"లేదు."

"రెండో వైపు నుంచి ఫిలిం తీయించారా?"

"లేదు."

"దగ్గర నుంచి కాలిస్తే లోపల పీచు ఉంటుందని మీరే పాఠం చెబుతారట. వెతికారా?"

"వెతకలేదు."

"ఇప్పుడు వెతుకుదామంటే శవం లేదు. నాటు తుపాకీలో రేకుముక్కలు కూడా కూరతారని మీరే అంటారు కదా?"

"కూరతారు. కానీ ఆ రింగు..."

"పెసరగింజంత రింగు. భూతద్దంలో కనిపించింది. డాక్టరుగారూ, మీరు పొరపాటు పడింది మొదటిసారా, రెండోసారా?"

"మొదటిసారి."

"రెండోసారి పడలేదని మేం ఎట్లా నమ్మాలండీ? విశ్వాసంతోనా?"

ఈసారి హాలంతా నవ్వింది. నేను ఎన్నో వేదికల మీద ఎందరో స్వాములను ఇదే పద్ధతిలో నిలబెట్టి అడిగాను. ఇప్పుడు అవతల నేను నిలబడ్డాను. ఆయన అడిగినవాటిలో ఒక్కటి కూడా అన్యాయమైన ప్రశ్న కాదు. అదే నన్ను కాల్చింది. నాకు నిజం తెలుసు, రుజువు లేదు. రుజువు లేని నిజాన్ని కోర్టు నమ్మకూడదని నా జీవితమంతా వాదించినవాణ్ణి నేనే.

పక్కన బల్ల మీద రమణమ్మ కూర్చుని ఉంది. ఆమె మాత్రం నవ్వలేదు.

తీర్పు

ఇప్పుడు మీ చేతుల్లోకి సీటీ స్కాన్లు వస్తున్నాయి. కత్తి పెట్టకుండానే గుండు పోయిన దారిని మూడు వైపుల నుంచీ తెర మీద తిప్పి చూడవచ్చు. లోహం ఏ రకమో కొంతవరకు పోల్చవచ్చు. మంచిదే, నాకు అసూయగా ఉంది. కానీ స్కాను గదికి చేరకముందే శవం మీద నుంచి ఒక మనిషి ఏదో తీసేస్తాడు. నర్సు తీస్తుంది, కానిస్టేబులు తీస్తాడు, మతం మీద ప్రేమతో ఒకడు, మతం మీద కోపంతో ఇంకొకడు తీస్తాడు. తీసేసినదాన్ని ఏ యంత్రమూ చూపించలేదు. కాబట్టి శవం ఎలా వచ్చిందో అలాగే, కట్టినవీ పూసినవీ అన్నిటితో, మొదటి బొమ్మ తీయించండి. తర్వాత ఒక్కొక్కటి తీసి, కవర్లో వేసి, పేరు రాయండి. చుట్టాలు చెప్పేది వినండి. వాళ్ళు దేవుడి భాషలో చెబుతారు, ఏడుస్తూ చెబుతారు. అందులో సమాచారం ఉంటుంది. వాదన కావాలంటే సాయంత్రం సభ పెట్టుకోండి.

తీర్పు రోజు నన్నెవరూ పిలవలేదు. నేనే పోయాను. హత్య రుజువు కాలేదన్నారు. లైసెన్సు లేని తుపాకీకీ, నిర్లక్ష్యానికీ కలిపి వేసిన శిక్ష రిమాండులోనే గడిచిపోయింది. కోటయ్యను అప్పుడే వదిలేశారు.

బయట మెట్ల దగ్గర రమణమ్మ కనిపించింది. కూడా ఎవరూ లేరు. నేను దగ్గరికి పోయాను.

"అమ్మా, పైకోర్టు ఉంది. అప్పీలుకు పోదాం. లాయరును నేను చూస్తాను."

ఆమె నా ముఖం వైపు చూసింది. కోపం లేదు. కోపం ఉంటే దాన్ని భరించడానికి నేను సిద్ధపడి వచ్చాను.

"ఎవురి మాట చెప్పి పోదాం సారూ? మీదేనా?"

కొంగు భుజం మీదికి లాక్కుని రోడ్డు దాటింది. మధ్యాహ్నం దాటాక వాళ్ళ ఊరికి పోయే బస్సు ఒక్కటే. ఆమె ఎక్కి ఆడవాళ్ళ సీట్లలో చివరగా కూర్చుంది. కోటయ్య, అతని బావమరిది టీ తాగి, గ్లాసులు పెట్టేసి వచ్చి, అదే బస్సు ఎక్కారు. కండక్టరు ముగ్గురికీ ఒకే ఊరి టికెట్లు కొట్టాడు.